చారిత్రక నవలలో నగ: అలంకారమా, సాక్ష్యమా?

కిందటి ఏడు తొమ్మిదో తరగతి పిల్లలకు కాకతీయుల సంగతి చెబుతున్నాను. పాఠ్యపుస్తకంలోని నాలుగు వాక్యాలతో తృప్తిపడలేక, చదివిన నవలల జ్ఞాపకాన్ని కలిపి రుద్రమదేవి కొలువును వర్ణించాను. కిరీటం, కంఠహారాలు, భుజకీర్తులు, రత్నాల వడ్డాణం, ఒక్కొక్కటే చెబుతూ పోయాను. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. తండా నుంచి నడిచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ రాణికి నీళ్ళు తోడి పోసేటామె మెడల ఏముండె సార్?" అని అడిగింది. తరగతి అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. "రేపు చెప్త, కూసో తల్లీ" అన్నాను. మరునాడు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా చారిత్రక నవలలు చదువుతున్నాను. రాణుల మెడలలో ఏముందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నీళ్ళు తోడిన మనిషి మెడ వైపు ఏనాడూ చూడలేదు.

ఈ వ్యాసం ఆ మరునాటి బాకీ.

మన విమర్శకులు చారిత్రక నవలను గురించి తక్కువ రాయలేదు. అందులోని పునరుద్ధరణవాదాన్ని, రాజభక్తిని, పరమత ద్వేషాన్ని ఎండగట్టారు. ఆ పని అవసరమైనదే. అయితే ఆ నవలలలోని వస్తువులను ఎవరూ పట్టించుకోలేదు. నగను వర్ణనల పద్దులో వేసి, 'పాఠకులను ఆకర్షించడానికి' అని ఒక ముక్కలో తేల్చేశారు. నగ అంత తేలికైన వస్తువు కాదని, చారిత్రక నవల వర్గస్వభావం కొన్నిసార్లు సంభాషణలలో కన్నా నగల జాబితాలోనే స్పష్టంగా బయటపడుతుందని నా అభిప్రాయం.

1

కథలో నగ చేసే పనులు ప్రధానంగా మూడు. మొదటిది ఆనవాలు: ఎవరు ఎవరో గుర్తుపట్టించడం. రెండోది హోదా: ఎవరు ఎంతటివారో చెప్పడం. మూడోది కానుక: ఎవరి మనసు ఎవరిమీద ఉందో తెలపడం. ఈ మూడూ ఆధునిక నవల కనిపెట్టినవి కావు. సీత చూడామణి, శకుంతల ఉంగరం మనకు చిన్ననాటి నుంచీ తెలుసు.

అయితే మన ప్రాచీనులు ఈ మూడు పనులతో ఆగలేదు. కాళిదాసు రాజకవి. అయినా ఉంగరం చేప కడుపులోంచి బయటపడినప్పుడు దాన్ని ఎవరి చేతిలో పెట్టాడో గమనించండి. చేపలు పట్టి బతికేవాడి చేతిలో. రాజముద్ర ఉన్న ఉంగరం కింది కులం వాడి చేతిలో కనబడగానే రక్షకభటులు అతన్ని దొంగ అన్నారు, కొట్టారు, కులవృత్తిని వెక్కిరించారు. చివరకు రాజు ఉంగరం వెలకు సరిపడా బహుమానం ఇస్తే, అందులో సగం ఆ భటులకే సమర్పించుకున్నాడు. రాజు చేతిలో ప్రేమకు గుర్తు అయిన ఉంగరమే జాలరి చేతిలో నేరానికి రుజువు అయింది. ఒకే వస్తువుకు రెండు వర్గాలలో రెండు అర్థాలు. ఇంత స్పష్టంగా చెప్పిన ఘట్టాన్ని మనం హాస్యరసానికి ఉదాహరణగా పాఠం చెప్పి వదిలేస్తున్నాం.

శూద్రకుడి మృచ్ఛకటికం ఇంకా ముందుకు పోయింది. బంగారు బండి కావాలని ఏడ్చే పిల్లవాడి మట్టిబండిని వసంతసేన తన నగలతో నింపింది. వాత్సల్యానికి గుర్తయిన ఆ నగలే న్యాయస్థానంలో చారుదత్తుడిమీద హత్యానేరాన్ని స్థిరపరచి, అతన్ని వధ్యస్థానం దాకా నడిపించాయి. నగ అంటే డబ్బు అని, డబ్బు ఉన్నచోట న్యాయం నడక మారుతుందని ఆ నాటకకర్తకు తెలుసు.

ఈ తెలివి మన ఆధునిక చారిత్రక నవలకు వచ్చేసరికి ఏమైపోయింది? అది తెలియాలంటే ఆ నవల పుట్టిన చోటికి ఒకసారి పోయి రావాలి.

2

వాల్టర్ స్కాట్ 'ఐవన్‌హో' 1819 చివర వెలువడింది. నవల ముగింపులో రెబెక్కా అనే యూదు యువతి, తాను మనసులో ప్రేమించిన వీరుడిని పెళ్ళాడిన రోవెనా దగ్గరకు వస్తుంది. వజ్రాల హారం, కర్ణభూషణాలు ఉన్న పేటికను ఆమె చేతిలో పెట్టి, ఇంగ్లండును విడిచి తండ్రితో వెళ్ళిపోతుంది. 1865లో బంకించంద్రుడు 'దుర్గేశనందిని' రాశాడు. అక్కడా ముగింపు ఇదే తీరు. కత్లూఖాన్ కూతురు ఆయేషా, తాను ప్రేమించిన జగత్‌సింహుడిని పెళ్ళాడిన తిలోత్తమకు నగల పేటిక ఇచ్చి వస్తుంది. తరువాత విషం దాచిన తన ఉంగరాన్ని కోట అగడ్తలోకి విసిరేస్తుంది. 'ఐవన్‌హో' చదవకముందే తన నవల రాశానని బంకించంద్రుడు చెప్పుకున్నాడు. ఆ వివాదంతో మనకు పనిలేదు. కథల పోలికను మించిన పోలిక ఒకటి ఇక్కడ ఉంది. అదే ముఖ్యం.

రెండు నవలలలోనూ త్యాగం చేసే స్త్రీ అన్యమతస్థురాలు. రెంటిలోనూ ఆమె తన సొమ్మును స్వమతపు పెళ్ళికూతురి ఒంటిమీద పెట్టి తెరమరుగవుతుంది. పాఠకుడు కన్నీరు పెట్టుకుంటాడు, ఆమె ఔదార్యాన్ని మెచ్చుకుంటాడు. ఆ కన్నీటిలో ఒక ఏర్పాటు నిశ్శబ్దంగా జరిగిపోతుంది: ఆమె సొమ్ము మనకు, ఆమె మాత్రం బయటకు. రచయితలు దుర్బుద్ధితో ఇలా రాశారని నేననను. రెబెక్కా, ఆయేషా ఆ నవలలలోకెల్లా ఉన్నతమైన పాత్రలు. రచయిత హృదయం వారివైపే ఉంది. కానీ కథకు సుఖాంతం కావాలి, సమాజం ఒప్పుకునే పెళ్ళి కావాలి. హృదయానికీ సమాజానికీ నడుమ ఏర్పడిన ఈ చిక్కును విప్పలేని చోట రచయిత నగల పేటికను తెచ్చాడు. ఆ పేటిక ఒక పరిహారం లాంటిది. పరిహారం ఇచ్చింది మాత్రం నష్టపోయిన మనిషే.

ఉర్దూ, కన్నడం, తెలుగు ఒకే బజారులో వినబడే ఊళ్ళో కూర్చుని చదివేవాడికి ఈ సంగతి కాస్త గుచ్చుకుంటుంది. మా బషీరాబాద్ సంతలో ముస్లిం స్త్రీల మెడలో పెళ్ళికి గుర్తుగా నల్లపూసల లచ్ఛా కనిపిస్తుంది. దానికీ మన నల్లపూసలకూ చుట్టరికం ఉందని చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. దక్కనులో నగలు మతాల సరిహద్దులు దాటి తిరిగాయి. మన చారిత్రక నవలలలో మాత్రం అవి ఒకే దిక్కుకు ప్రయాణించాయి.

3

తెలుగులో చారిత్రక నవలకు చిలకమర్తి 'హేమలత' (1896) నుంచి ఒక సంప్రదాయం ఉంది. నగల విషయం మాట్లాడాలంటే మాత్రం అడివి బాపిరాజు దగ్గర ఆగక తప్పదు. ఆయన చిత్రకారుడు. అమరావతి, అజంతా శిల్పచిత్రాలను కళ్ళతో తాగినవాడు. 'హిమబిందు'లో గాని, 'గోన గన్నారెడ్డి'లో గాని ఆయన నాయికలు నడిచి వస్తుంటే శిల్పం కదిలినట్టు ఉంటుంది. నగ ఏ అవయవం మీద ఎలా వాలుతుందో, వెలుగు దానిమీద ఎలా పడుతుందో ఆయనకు తెలిసినంతగా తెలుగులో మరొక నవలాకారుడికి తెలియదేమో. పైగా 'హిమబిందు'లో శిల్పి కొడుకు సువర్ణశ్రీకి నాయకస్థానం ఇచ్చాడు. చేతిపనివాడిని నాయకుడిని చేయడం చిన్న విషయం కాదు.

అయినా ఒక చిక్కు ఉంది. శిల్పంలో చూసిన నగను నవలలోకి తెచ్చినప్పుడు శిల్పానికి ఉన్న పరిమితి కూడా దానితో వస్తుంది. అమరావతి, నాగార్జునకొండ ఫలకాలలో రాణి ఒంటిమీదే కాదు, వింజామర వీచే పరిచారిక ఒంటిమీద కూడా నగలున్నాయి. శిల్పి దృష్టిలో అది లయ, నిండుదనం. చరిత్ర దృష్టిలో మాత్రం వెంటనే ఒక ప్రశ్న వేయాలి: ఆ పరిచారిక ఒంటిమీది సొమ్ము ఎవరిది? యజమాని తన సంపదను ప్రదర్శించడానికి దాసీ దేహాన్ని వాడుకున్న సమాజాలు లోకంలో చాలా ఉన్నాయి. శిల్పం ఈ ప్రశ్న వేయలేదు. నవల వేయగలదు. వేయకపోతే నవల తన శక్తిని తాను వాడుకోనట్టే.

'గోన గన్నారెడ్డి' వెలువడిన కాలాన్ని గుర్తు చేసుకోండి. 1940ల నడుమ బాపిరాజు హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడు. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆనాటి ఉద్రేకమంతా కాకతీయ నవలలో ఏదో ఒక రూపంలో లేదని అనలేం. స్త్రీ రాజ్యమేలగలదని, గజదొంగ అనిపించుకున్నవాడు ప్రజల పక్షాన ఉండవచ్చని ఆ నవల చెప్పింది. నగ దృష్టితో చూసినా అందులో నాకు నచ్చే అంశం ఒకటి ఉంది. రుద్రమ పురుషవేషం. చరిత్రలోనూ ఆమె 'రుద్రదేవ మహారాజు'గా శాసనాలకెక్కింది. ఆడవాళ్ళ సొమ్ములు తీసి పక్కన పెడితే గాని సింహాసనం ఎక్కనివ్వని సమాజం అది. అంటే ఆ సొమ్ములకు రాజకీయార్థం ఉంది. అవి ఒంటిమీద ఉన్నంతసేపూ ఆమె ఒకరి కూతురు, ఒకరి భార్య. అవి తీస్తేనే రాజు. ఈ ఒక్క బిందువును పట్టుకుని ఎంత గొప్ప నవల రాయవచ్చు! మన రచయితలు ఆ అంచు దాకా వచ్చి, మళ్ళీ ఆమెకు సొమ్ములు తొడిగి ప్రణయ ఘట్టంలోకి తీసుకుపోవడానికే తొందరపడ్డారు.

హంగేరియన్ విమర్శకుడు లూకాచ్ 1930లలో చారిత్రక నవల మీద రాసిన గ్రంథంలో, ఫ్లోబేర్ 'సలాంబో' (1862) పై చేసిన ఆక్షేపణ ఇక్కడ పనికివస్తుంది. కార్తేజ్ నగరపు దుస్తులు, ఆభరణాలు, ఆయుధాల కోసం ఫ్లోబేర్ ఎంతో పరిశోధన చేశాడు. వస్తువులు ఖచ్చితమైనవే. కానీ మనుషుల బతుకుకూ ఆ వస్తువులకూ జీవసంబంధం తెగిపోయింది, చరిత్ర ఒక ప్రదర్శనశాల అయింది అని లూకాచ్ వాదన. మన దగ్గర ఆ పరిశోధన అయినా అన్నిచోట్లా జరగలేదు.

4

కాలదోషాల విషయం. శాతవాహనుల నాటి నాయికకు ముక్కుపుడక పెట్టిన కథలు వారపత్రికలలో ఎన్నో చదివాను. ప్రాచీన భారత శిల్పంలో ముక్కు నగ కనబడదని, సుమారు 1000కి ముందటి సంస్కృత సాహిత్యంలో దాని ప్రస్తావన దొరకదని పి. కె. గోడే 1930లలోనే నిరూపించాడు. 'హిందూ స్త్రీత్వానికి' సనాతన చిహ్నమని మనం అనుకునే ముక్కెర, పశ్చిమాసియాతో రాకపోకలు పెరిగాక మన ముఖాల మీదికి వచ్చిందని పండితులలో చాలామంది అభిప్రాయం. అచ్చమైన స్వదేశీ స్త్రీని చిత్రించాలని కలం పట్టినవాడు తెలియకుండానే పరాయి అనుకున్న నగను ఆమెకు తొడుగుతున్నాడు. ఈ తప్పులోనే దక్కను చరిత్ర సారం ఉంది.

వజ్రం సంగతీ అంతే. కాకతీయ నాయిక హారంలో వజ్రాలు ధగధగ మెరుస్తుంటాయి. ఈనాడు మనం చూసే ఆ మెరుపు రాతిది మాత్రమే కాదు, సాన తీరుది కూడా. అనేక ముఖాలు తీర్చి వెలుగును విరిచే ఆ పద్ధతి యూరప్‌లో 17వ శతాబ్దంలో రూపు దిద్దుకుంది. అంతకు ముందు మనవాళ్ళు రాయి బరువు పోకుండా పైపైన సాన పట్టి వాడారు. రుద్రమ కాలపు వజ్రం మెరిసిన తీరు వేరు.

ఇలాంటి తప్పులు ఏరి చూపించడం కష్టం కాదు. పండితులకు అది సరదా కూడా. అయితే తప్పులన్నీ దిద్దినంత మాత్రాన నవల చారిత్రకం అవుతుందా? కాదు. ముక్కెర తీసివేసి, వజ్రాన్ని మసకగా మార్చి, 'హంసవింశతి' చూసి నగల పేర్లు సరిచేసినా, ఆ నగ ఎవరి చెమటతో తయారైందో, ఎవరికి దాన్ని ధరించే హక్కు లేకపోయిందో, కష్టకాలంలో ఏ తలుపు తట్టిందో తెలియకపోతే జాబితా జాబితాగానే మిగులుతుంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) మనకు చూపిన దారి ఇదే. ఆయన కావ్యాలలోంచి నగలను, ఆటలను, తిండిని ఏరినది పాండిత్య ప్రకర్షకు కాదు, రాజుల యుద్ధాల కింద మరుగునపడిన జనాన్ని బయటకు తీయడానికి. మన నవలాకారులు ఆ గ్రంథంలోని పేర్లు తీసుకున్నారు. దారిని తీసుకోలేదు.

5

ఇప్పుడు జనం మెడలోకి వద్దాం.

సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940ల మొదట్లో యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది. గాజు పూసలు, మట్టి పూసలు, శంఖపు గాజులు, దంతపు, ఎముక వస్తువులు దొరికాయి. అన్నిటికన్నా నన్ను కదిలించినవి మట్టి బిళ్ళలు. రోమన్ బంగారు నాణేలను అచ్చు తీసి, మట్టితో చేసి, దారం ఎక్కించి మెడలో వేసుకునేందుకు వీలుగా తయారు చేసినవి. రేవుల్లో రోమన్ బంగారం దిగుతున్న రోజులవి. అది వర్తకుల ఇళ్ళకు, రాజుల కోశాలకు చేరింది. దాని బొమ్మ మాత్రం మట్టిరూపంలో మామూలు మనుషుల మెడలోకి వచ్చింది. మన కాసులపేరుకు ఇంతకన్నా పాత బంధువు నాకు తెలియదు. శాతవాహనుల మీద ప్రణయ నవల రాసేవాడు వెతుక్కోవలసిన నగ ఇది. బంగారు కాసు ఉన్న అమ్మాయికీ, మట్టి కాసు ఉన్న అమ్మాయికీ నడుమ ఒక నవలకు సరిపడా చరిత్ర ఉంది.

ఆ కాలపు ప్రాకృత గాథలను సేకరించిన హాలుడి 'గాథాసప్తశతి'లో ఒక బోయ ఇల్లాలు ఉంది. సవతులందరికీ ముత్యాల నగలున్నాయి, ఆమెకు చెవిలో నెమలి ఈక ఒక్కటే. అయినా ఆమే గర్వంగా తిరుగుతుంది. ఎందుకంటే మునుపు ఏనుగులను కొట్టి ముత్యాలు తెచ్చిన మగడు, ఆమె వలపులో పడి నెమలిని మించి వేటాడే ఓపిక లేనివాడయ్యాడు. నగ విలువను తూకం నిర్ణయించలేదు, మనిషికీ మనిషికీ ఉన్న సంబంధం నిర్ణయించింది. పైగా నగ వెనుక వేట ఉంది, శ్రమ ఉంది. శృంగారం రాస్తే చరిత్ర చెడుతుందనే భయం మనవాళ్ళలో కొందరికి ఉంది. ఈ గాథ ఆ భయాన్ని తీరుస్తుంది.

గోలకొండ వజ్రాల మాట ఎత్తని నవల లేదు. బ్రెజిల్‌లో 1720లలో గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా మన నేలనుంచే పోయాయి. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలతో కలిసి సుమారు 60,000 మంది పని చేయడం చూశానని రాశాడు. రావుల్కొండ గనిలో పనిలో ఎంతో నేర్పున్న కూలీకి సైతం ఏడాదికి 3 వరహాల కూలి మాత్రమే అన్నాడు. వారి ఒంటిమీద చిన్న గుడ్డ తప్ప మరేమీ ఉండదట. రాయి దాచుకోకుండా కాపలావాళ్ళు. ఆయన యాత్రాగ్రంథం 1676లో అచ్చయింది. మూడు వందల ఏళ్ళకు పైగా ఈ సాక్ష్యం కళ్ళముందు ఉంది. గోలకొండ కాలం మీద వచ్చిన నవలలలో నవాబు కిరీటంలోని వజ్రాన్ని ఎన్నిసార్లో చూశాను. దాన్ని తవ్విన మనిషిని చూడాలని ఇంకా ఎదురు చూస్తున్నాను. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది.

నగ వేసుకునే హక్కు మరో సంగతి. కేరళలో పులయ స్త్రీలు ఒకప్పుడు బంగారం, వెండి ధరించకూడదనే కట్టుబాటు ఉండేది. బానిసత్వానికి గుర్తుగా రాళ్ళు, పూసల దండలు మాత్రమే మెడలో వేసుకోవలసి వచ్చేది. 1915లో అయ్యన్‌కాళి నాయకత్వాన ఆ స్త్రీలు కొల్లం సభలో ఆ దండలను తెంచి కుప్పపోశారు. 'కల్లుమాల సమరం' అని దానికి పేరు. నగను తీసి పారేయడం కూడా పోరాటమే అయిన సందర్భం ఇది. నగ పెట్టుకోవడం పోరాటమయిన సందర్భాలు మన పల్లెలలోనూ వెతికితే దొరుకుతాయి. దొర గడి ముందునుంచి చెప్పులు చేతపట్టుకుని నడిచిన కులాలవాళ్ళు, ఆడబిడ్డ మెడలో ఇంత బంగారం కనబడితే ఏమంటారోనని ఎంత భయపడ్డారో మన తాతలను అడిగితే చెప్పేవారు.

6

ఇక మన సొంత ఇంటిని కూడా చూసుకోవాలి. అభ్యుదయ నవల నగను ఏం చేసింది?

దాశరథి రంగాచార్య 'చిల్లరదేవుళ్ళు'లో గడి లోపలి జీవితం ఉంది. దొరసానితో పాటు అరణంగా వచ్చే ఆడబాప వ్యవస్థను వనజ పాత్ర ద్వారా ఆయన చూపించాడు. పెళ్ళిలో ఇచ్చే సొమ్ముల పట్టీలో మనిషి కూడా ఒక పద్దు అయిన వ్యవస్థ అది. నగలతో పాటు మనిషిని లెక్కబెట్టిన ఆ సత్యం ముందు ఏ రత్నహార వర్ణన నిలుస్తుంది? వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజలమనిషి' నుంచి మొదలైన ఈ దారి తెలంగాణ నవలకు గర్వకారణం.

అయినా ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. మన నవలలలో చాలావాటిలో నగ అంటే దొరసాని పాపం. అది దోపిడీకి గుర్తు, అంతే. పేదరాలి ఒంటిమీది వెండి మనకు కనబడలేదు. కనబడినా మూఢత్వమని, మోజని తీసిపారేశాం. మా ప్రాంతపు బండల గనులలో, కందిచేలలో పనిచేసే ఆడమనిషికి కాళ్ళ కడియాలు మోజు కాదు. మిరుగు రాగానే విత్తనాలకు అవి కుదువకు పోతాయి. కందులు అమ్మాక తిరిగి వస్తాయి, లేదా రావు. భర్త పేర పట్టా, కొడుకు పేర ఇల్లు, ఆమె పేర ఉన్నది ఆ వెండి ఒక్కటే. తండాలలో పెద్దవయసు లంబాడా స్త్రీలు చెంపల పక్క వేలాడే ఘుగ్రీలు, మోచేతి పైదాకా గాజులు, మెడలో హాంస్లీ ఇంకా ధరిస్తారు. ఆమెకు పెళ్ళయిందా, భర్త ఉన్నాడా అన్నది ఆ నగలే చెబుతాయి. అందులో అందం ఉంది, కట్టుబాటు ఉంది, ఆస్తి ఉంది. మూడింటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా ఆ మనిషిని సగమే చూసినట్టు.

గురజాడకు ఇది తెలుసు. 'కన్యాశుల్కం'లో మధురవాణి కంటె రామప్పంతులు చేతిమీదుగా పెళ్ళికూతురి మెడకు చేరుతుంది. ఆ పెళ్ళికూతురే మాయమయ్యాక కంటె కోసం జరిగే పెనుగులాటలో పెద్దమనుషుల పరువు ఎంతదో తేలిపోతుంది. వేశ్యకు ఆ కంటె అలంకారమే కాదు, ఆమె స్వతంత్రం కూడా. అందుకే ఆమె దాన్ని వదులుకోదు. ఒక్క నగతో ఒక సమాజపు లెక్కల పుస్తకం విప్పిన రచయిత 1909 నాటికే మనకు ఉండగా, వంద నగలతో ఏమీ విప్పలేని నవలలను మనం 'చారిత్రకం' అని పిలుస్తున్నాం.

7

ఈ మాటలు ఇతరులమీదే వేస్తే నిజాయితీ అనిపించుకోదు. ఇరవై రెండేళ్ళ వయసులో నేనూ ఒక చారిత్రక ప్రణయ నవల రాశాను. తాండూరు పక్కన పారే కాగ్నా సరిహద్దు దాటి మళఖేడ్ కోటను ఒరుసుకుంటూ పోతుంది. రాష్ట్రకూటుల మాన్యఖేటం అది. అమోఘవర్షుడి కాలం (814–878) ఎంచుకుని, వర్తకుడి కూతురికీ సైనికుడికీ ప్రేమ కుదిర్చాను. ఒక ఘట్టంలో నాయిక కోపగించి, తన బంగారు వడ్డాణం విప్పి నదిలోకి విసిరేస్తుంది. ఆ పేజీ మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. అంతా విని, "తూకమెంతరా ఆ వడ్డాణం?" అని అడిగింది. తెలియదన్నాను. "గంత బంగారం నీళ్ళల్ల ఏసి ఎన్కకు తిరిగి సూడకుంట పోయిందా? పోతె పోనీ. దాన్ని జేసిన అవుసలాయనకు కూలి ముట్టిందా?" అంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. కళ తెలియని మనిషి అనుకున్నాను. ఆ రోజున ఆమె కాళ్ళు బోసిగా ఉన్నాయి. నా ఎం.ఏ. ఫీజుకు ఆమె కడియాలు షావుకారు ఇంట్లో ఉన్నాయి. అవి తిరిగి రాలేదు. వడ్డీ అసలును మించిపోయింది. వెయ్యేళ్ళ పైబడిన కాలం కిందటి వడ్డాణాన్ని కళ్ళకు కట్టేట్టు రాశానని మురిసిపోయినవాడికి, ఎదురుగా ఉన్న బోసి కాళ్ళు కనబడలేదు. ఆ నవలను నేను అచ్చుకు ఇవ్వలేదు. చింపలేదు కూడా. విమర్శ రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఒకసారి తీసి చూస్తాను.

మాన్యఖేటం 972లో మాళవ రాజు సీయకుడి చేతిలో దోపిడీకి గురయింది. ఆ కొల్లగొట్టిన సమయంలోనే ధారానగరంలో ధనపాలుడనే కవి, తన చెల్లెలు సుందరి కోసం 'పాఇయలచ్ఛీ' అనే ప్రాకృత నిఘంటువు కూర్చాడు. ఆ దోపిడీ మాట అందులో అతనే చెప్పుకున్నాడు. పోయిన నగలలో ఒక్కటైనా నేడు మనకు తెలియదు. ఎత్తుకుపోయిన పక్షపు కవి చెల్లెలికిచ్చిన మాటల మూట మాత్రం మిగిలింది. రుద్రమదేవి విషయంలోనూ అంతే. 1289 నాటి చందుపట్ల శాసనం వేయించింది పువ్వుల ముమ్మడి అనే బంటు. ఆమె మరణం గురించి మనకు తెలియజెప్పినది ఆ సామాన్యుడి దానం. నిజాం నగలు 173 అంశాలుగా లెక్కించి 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. వాటికి పట్టీ ఉంది, వెల ఉంది, కాపలా ఉంది. సామాన్యుల నగలకు పట్టీ రాయవలసినది రచయితే.

చారిత్రక నవల భూస్వామ్య అవశేషమని, దాన్ని వదిలేయాలని మనలో కొందరంటారు. నేను ఒప్పుకోను. మనం వదిలేస్తే గతం ఖాళీగా ఉండదు. దాన్ని ఆక్రమించుకునేవాళ్ళు, ప్రతి రాణికీ తమకు నచ్చిన ముక్కెర తొడిగి 'ఇదే మన సంస్కృతి' అనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. రాయాలి. రాసేముందు ప్రతి నగ దగ్గరా కాసేపు ఆగాలి. ఎవరు చేశారు, ఎవరికి అది నిషేధం, కరువు వస్తే అది ఎక్కడికి పోతుంది అని అడగాలి. జవాబు దొరకని నగను నాయిక ఒంటిమీద పెట్టకపోయినా నష్టం లేదు.

ఆ అమ్మాయి బాకీ ఈ మధ్యే తీర్చాను. కొండాపూర్ మ్యూజియం సంగతి చెప్పి, "నీళ్ళు తోడిన ఆమె మెడల గాజు పూసలో, మట్టి పూసలో, శంఖం ముక్కలో ఉండొచ్చు బిడ్డా. ఆమె పేరు మాత్రం ఎవ్వరూ రాసి పెట్టలే" అన్నాను. ఈసారి తరగతి నవ్వలేదు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మా అవ్వకు గూడ గవ్వల పేరుండె సార్, ఫోటో తీసి పెట్టాల్నా?" అని అడిగింది. తీసి పెట్టమన్నాను. అవ్వ పేరు కూడా వెనక రాయమన్నాను.